ప్రమాద బీమా: ప్రాణం దక్కిన క్షతగాత్రుడికీ హక్కు ఉంది
(ప్రత్యేక వ్యాసం)

సోమల: ప్రమాదంలో మనిషి మరణించినప్పుడు ఆ కుటుంబానికి బీమా సొమ్ము గురించి చెప్పేవారు ఎవరో ఒకరు ఉంటారు. ఊరి పెద్దో, బ్యాంకు మిత్రో, స్వయం సహాయక సంఘం నాయకురాలో గుర్తుచేస్తారు. అదే ప్రమాదంలో ప్రాణం దక్కి, ఒక కంటి చూపో ఒక చేతి వాడుకో పోగొట్టుకున్న మనిషికి ఆ సంగతి చెప్పేవారు అరుదు. చికిత్స పేరిట కుటుంబం అప్పుల్లో కూరుకుపోతుంది. నెలలు గడిచాక ఎవరైనా చెప్పినా, అప్పటికి అవసరమైన కాగితాలు చేతిలో ఉండవు. ప్రమాద బీమా చనిపోయినవారి కోసమేనన్న అపోహ గ్రామాల్లో బలంగా ఉన్నది. వాస్తవానికి ఈ బీమా బతికి ఉన్న క్షతగాత్రుడి కోసం కూడా ఉద్దేశించబడినది. ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి ప్రాంతమైన సోమల, పుంగనూరు, మదనపల్లె, కుప్పం పరిసరాలను దృష్టిలో ఉంచుకొని ఆ వివరాలను ఇక్కడ పొందుపరచడమైనది.

లెక్కలు చెప్పే సంగతి

దేశంలో ఎక్కువ మందికి చేరిన ప్రమాద బీమా ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన. 2015 మే 9న ప్రారంభించగా, ఆ సంవత్సరం జూన్ 1 నుంచి అమలులోకి వచ్చింది. కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన వివరాల ప్రకారం 2025 ఏప్రిల్ నాటికి ఈ పథకంలో మొత్తం నమోదులు 51 కోట్లు దాటాయి. సుమారు 1 లక్షా 57 వేల క్లెయిములకు 3,121 కోట్ల రూపాయలు చెల్లించారు. అంటే ఒక్కొక్క క్లెయిముకు సగటున 1 లక్షా 98 వేల రూపాయలకు పైగా అందింది.

ఈ సగటును నిశితంగా పరిశీలించవలసి ఉన్నది. పథకంలో చెల్లింపులు రెండే రకాలు. మరణానికి, సంపూర్ణ శాశ్వత వైకల్యానికి 2 లక్షల రూపాయలు. పాక్షిక శాశ్వత వైకల్యానికి 1 లక్ష రూపాయలు. సగటు 2 లక్షలకు ఇంత దగ్గరగా ఉన్నదంటే, 1 లక్ష రూపాయల క్లెయిములు నూటికి ఒకటి రెండుకు మించి లేవని కూడికలు తీసివేతలతోనే తేలుతుంది.

ప్రమాదాల తీరు మాత్రం ఇందుకు భిన్నంగా ఉన్నది. 2022లో దేశంలో జరిగిన రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా, 4,43,366 మంది గాయపడ్డారు. గాయపడిన ప్రతి ఒక్కరికీ శాశ్వత వైకల్యం కలగదన్నది నిజమే. అయినా ఒక కన్నో, ఒక చేయో, ఒక పాదమో కోల్పోయినవారు మృతులతో పోల్చితే నూటికి ఒకరిద్దరే అని అనుకోవడానికి వీలు లేదు. హక్కు ఉండి కూడా దాన్ని కోరనివారు పెద్ద సంఖ్యలో ఉన్నారని ఈ లెక్కలు సూచిస్తున్నాయి.

గాయానికి బీమా కొత్త కాదు

పేదలకు ఉద్దేశించిన ప్రమాద బీమా పథకాలు గాయాన్ని మొదటి నుంచీ గుర్తించాయి. 2001లో కిసాన్ క్రెడిట్ కార్డు ఉన్న రైతులకు ప్రవేశపెట్టిన వ్యక్తిగత ప్రమాద బీమాలో మరణానికి 50 వేల రూపాయలు కాగా, ఒక అవయవం లేదా ఒక కన్ను కోల్పోతే 25 వేల రూపాయలు. 2007 అక్టోబరు 2న ప్రారంభమైన ఆమ్ ఆద్మీ బీమా యోజనలో ప్రమాద మరణానికి, సంపూర్ణ వైకల్యానికి 75 వేలు కాగా, ఒక కన్ను లేదా ఒక అవయవం కోల్పోయినవారికి 37,500 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో 2016 అక్టోబరు 2న అసంఘటిత కార్మికుల కోసం ప్రారంభించిన చంద్రన్న బీమా ప్రమాద మరణంతో పాటు సంపూర్ణ వైకల్యానికీ 5 లక్షల రూపాయలు నిర్ణయించింది. 2020 అక్టోబరు 21న ప్రారంభమైన వై.ఎస్.ఆర్. బీమాలో పాక్షిక శాశ్వత వైకల్యానికి 1 లక్షా 50 వేల రూపాయలు కేటాయించారు. పథకాల పేర్లు, మొత్తాలు మారినా, గాయపడినవాడికీ వాటా ఉండాలన్న సూత్రం మారలేదు.

ఏ గాయానికి ఎంత

సురక్షా బీమాలో 18 నుంచి 70 సంవత్సరాల వయసు గల, బ్యాంకు లేదా తపాలా కార్యాలయ పొదుపు ఖాతా ఉన్నవారు చేరవచ్చు. ప్రీమియం ఏడాదికి మొదట 12 రూపాయలు ఉండగా, 2022 జూన్ 1 నుంచి 20 రూపాయలకు పెంచారు. ఖాతాదారుడి అంగీకారంతో ఈ సొమ్ము ఏటా ఖాతా నుంచే మినహాయించబడుతుంది. బీమా కాలం జూన్ 1 నుంచి మరుసటి మే 31 వరకు.

రెండు కళ్ల చూపు తిరిగి రాని విధంగా పూర్తిగా పోవడం, రెండు చేతులు లేదా రెండు పాదాలు కోల్పోవడం లేదా వాటి వాడుక పోవడం, ఒక కంటి చూపుతో పాటు ఒక చేయి లేదా ఒక పాదం వాడుక పోవడం - వీటికి 2 లక్షల రూపాయలు. ఒక కంటి చూపు తిరిగి రాని విధంగా పూర్తిగా పోవడం, లేదా ఒక చేయి లేదా ఒక పాదం వాడుక పోవడం - వీటికి 1 లక్ష రూపాయలు. వైకల్యానికి సంబంధించిన సొమ్ము బీమాదారుడి సొంత ఖాతాలోనే జమ అవుతుంది.

ఇక్కడ 'వాడుక పోవడం' అన్న మాటను గమనించాలి. అవయవాన్ని తొలగించి ఉండవలసిన అవసరం లేదు. చేయి శరీరానికే ఉండి, నరాలు దెబ్బతిని శాశ్వతంగా పని చేయకపోయినా క్లెయిముకు అర్హత ఉన్నది. విద్యుదాఘాతం, వెన్నెముక గాయం వంటి సందర్భాల్లో ఈ ఒక్క మాటే నిర్ణాయకం అవుతుంది. కానీ చాలామంది, చేయి తీసేయలేదు గదా, బీమా ఎందుకు వస్తుందని ఊరుకుంటున్నారు.

పరిమితులను కూడా స్పష్టంగా చెప్పవలసి ఉన్నది. కాలు విరిగి అతుక్కుంటే ఈ పథకం కింద ఏమీ రాదు. ఒక వేలు తెగినా రాదు. ఆసుపత్రి ఖర్చు చెల్లించరు. ఆత్మహత్యా యత్నం వల్ల కలిగిన నష్టానికి వర్తించదు. ఎన్ని బ్యాంకుల్లో ప్రీమియం కట్టినా ఒక్క క్లెయిము మాత్రమే చెల్లుతుంది. మే నెలాఖరులో ఖాతాలో 20 రూపాయలు నిల్వ లేకపోతే రక్షణ నిలిచిపోతుంది. కూలీల ఖాతాల్లో పథకం ఆగిపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

పడమటి మండలాల్లో ప్రమాదాల తీరు

ప్రమాదం అనగానే రోడ్డు మాత్రమే గుర్తుకు వస్తుంది. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పంల మీదుగా సాగే 42వ నెంబరు జాతీయ రహదారిపై టమాటా లారీలు, ద్విచక్ర వాహనాలు నిరంతరం తిరుగుతుంటాయి. అయితే సోమల వంటి వ్యవసాయ మండలంలో గాయాలు పొలం వద్ద, పశువుల కొట్టం వద్ద కూడా జరుగుతాయి. చింతపండు కాలంలో చెట్టు మీద నుంచి జారిపడటం, గడ్డి కత్తిరించే యంత్రంలోనో చెరకు గానుగలోనో చేయి పడటం, బోరు మోటారు వద్ద కరెంటు షాకు తగలటం, పాము కాటు, అటవీ అంచు గ్రామాల్లో ఏనుగుల దాడి ఇందులోకి వస్తాయి. కుప్పం పరిసరాల్లో గ్రానైట్ పనివారికి రాయి మీద పడే ప్రమాదం, కంటిలోకి రాతి ముక్క ఎగిరిపడే ప్రమాదం ఉంటాయి.

సురక్షా బీమా నిబంధనల్లో ప్రమాదం అంటే ఆకస్మికంగా, అనుకోకుండా, ఇష్టప్రమేయం లేకుండా, బయటి నుంచి కనిపించే బలమైన కారణం వల్ల జరిగిన సంఘటన. ఈ నిర్వచనంలో రోడ్డు అన్న షరతు లేదు. పాము కాటు, చెట్టు మీద నుంచి పడటం వంటివి ఇందులోకి వస్తాయని పథకం వివరణల్లోనే పేర్కొన్నారు.

మొదటి రోజు కాగితం

క్లెయిము గెలిచేదీ ఓడేదీ చాలావరకు ప్రమాదం జరిగిన మొదటి రోజునే నిర్ణయమవుతుంది. వాహన ప్రమాదం, నీట మునగటం, నేరం వల్ల కలిగిన గాయం అయితే పోలీసులకు ఫిర్యాదు చేసి ఉండాలి. పాము కాటు, చెట్టు మీద నుంచి పడటం వంటి వాటికి వెంటనే ఆసుపత్రిలో నమోదైన రికార్డు ఆధారంగా ఉండాలి.

ఆచరణలో జరిగేది వేరు. పొలంలో చేయి నలిగిన రైతును ముందు ఊళ్లోని ఆర్.ఎం.పి. వద్దకో నాటు వైద్యుడి వద్దకో తీసుకువెళతారు. రెండు మూడు రోజుల తరువాత పరిస్థితి విషమించి మదనపల్లెకో, తిరుపతికో, వేలూరుకో చేరుస్తారు. అక్కడ చీటీలో గాయం ఎలా తగిలిందన్నది వివరంగా రాయించరు. 'చేతికి గాయం' అని మాత్రమే ఉంటే అది ప్రమాదమో, పాత పుండో ఆ కాగితం చెప్పదు. అందువల్ల ఆసుపత్రి మొదటి చీటీలో ప్రమాదం జరిగిన తేదీ, సమయం, స్థలం, కారణం రాయించుకోవడం తప్పనిసరి. డిశ్చార్జి పత్రాన్ని, ఎక్సరేలను, శస్త్రచికిత్స వివరాలను భద్రపరచుకోవాలి.

కుప్పం నుంచి, పుంగనూరు నుంచి బెంగళూరుకు పనులకు వెళ్లేవారి విషయం మరొకటి. ప్రమాదం కర్ణాటకలోనో తమిళనాడులోనో జరిగితే ఎఫ్.ఐ.ఆర్., ఆసుపత్రి రికార్డు అక్కడివే అవుతాయి. అవి చెల్లుతాయి. క్లెయిము మాత్రం ఖాతా ఉన్న బ్యాంకు శాఖలోనే ఇవ్వాలి. కనుక స్వగ్రామానికి తిరిగి వచ్చే ముందే ఆ నకళ్లను తెచ్చుకోవడం మేలు.

ప్రమాదం జరిగిన 30 రోజుల లోపు క్లెయిము దరఖాస్తును బ్యాంకు శాఖకు అందజేయాలి. దరఖాస్తుతో పాటు ఎఫ్.ఐ.ఆర్. లేదా ఆసుపత్రి రికార్డు, సివిల్ సర్జన్ జారీ చేసిన వైకల్య ధ్రువపత్రం, ఆధార్, ఖాతా వివరాలు జతచేయాలి. దరఖాస్తు పత్రం జన్ సురక్ష వెబ్‌సైటులో తెలుగులో కూడా లభిస్తుంది. గాయం మానేదాకా ఆగి, వైకల్యం ఖరారయ్యాక చూద్దామనుకుంటే గడువు దాటుతుంది. ప్రమాద సమాచారాన్ని ముందుగానే బ్యాంకుకు లిఖితపూర్వకంగా తెలిపి రసీదు పొందడం ఉత్తమం.

సదరం వేరు, బీమా వేరు

వైకల్య పింఛను కోసం సదరం శిబిరంలో ఇచ్చే ధ్రువపత్రం వైకల్యాన్ని శాతాల్లో చెబుతుంది. సురక్షా బీమా శాతాలను చూడదు; ఏ అవయవం వాడుక శాశ్వతంగా పోయిందన్నదే చూస్తుంది. రెండింటికీ కొలమానం వేరు కాబట్టి ఒకదానికి అర్హత వచ్చినంత మాత్రాన రెండోది దానంతట అదే రాదు. ఒకదానిలో తిరస్కరణ ఎదురైనంత మాత్రాన రెండోదానిపై ఆశ వదులుకోవలసిన పనీ లేదు. ధ్రువపత్రం కోరేటప్పుడు అది బీమా క్లెయిముకు అని వైద్యుడికి చెప్పి, 'శాశ్వతం', 'వాడుక పూర్తిగా పోయినది' అన్న నిర్ధారణలు వర్తించే పక్షంలో స్పష్టంగా నమోదు చేయించుకోవాలి.

ఒకే గాయానికి ఇతర రక్షణలు

సురక్షా బీమా ఇతర బీమాలకు అదనం. ఒకటి పొందితే మరొకటి పోదు. అందువల్ల క్షతగాత్రుడికి మరే రక్షణలు ఉన్నాయో వెతకడం అవసరం.

వాహన యజమాని ప్రమాద బీమా: వాహన బీమాతో పాటు యజమాని-చోదకుడికి 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద రక్షణను 2018లో బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ నిర్దేశించింది. రెండు అవయవాలు లేదా రెండు కళ్లు పోతే పూర్తి మొత్తం, ఒక అవయవం లేదా ఒక కంటి చూపు పోతే అందులో సగం లభిస్తుంది. అయితే బండి ఎవరి పేరున రిజిస్టరు అయిందో వారికే ఇది వర్తిస్తుంది. చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలి. తండ్రి పేరున ఉన్న బండిని కొడుకు నడుపుతూ పడితే ఈ రక్షణ అక్కరకు రాదు. పల్లెల్లో ఇది తరచుగా కనిపించే పరిస్థితి.

రూపే కార్డు: 2018 ఆగస్టు 28 తరువాత తెరిచిన జన్ ధన్ ఖాతాల రూపే కార్డులపై ప్రమాద మరణానికి, సంపూర్ణ శాశ్వత వైకల్యానికి 2 లక్షల రూపాయల రక్షణ కల్పించారు. ప్రమాదానికి ముందు 90 రోజుల్లో ఒక్కసారైనా కార్డును వినియోగించి ఉండాలన్నది షరతు.

గుర్తు తెలియని వాహనం: ఢీకొట్టి పారిపోయిన వాహనం వల్ల గాయపడితే మోటారు వాహనాల చట్టం కింద 2022 ఏప్రిల్ 1 నుంచి మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేల రూపాయల పరిహారం నిర్ణయించారు. దరఖాస్తుపై విచారణ రెవెన్యూ డివిజన్ స్థాయి అధికారి లేదా తహశీల్దారు జరుపుతారు.

నగదు రహిత చికిత్స: రోడ్డు ప్రమాద బాధితులకు ప్రమాదం జరిగిన నాటి నుంచి 7 రోజుల వరకు, 1 లక్షా 50 వేల రూపాయల పరిమితిలో, గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో నగదు రహిత చికిత్స అందించే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2025 మే నెలలో నోటిఫై చేసింది.

పనిలో గాయం: కూలీకి పనిలో గాయమైతే యజమాని పరిహారం చెల్లించాలన్నది 1923 నాటి చట్టం నుంచి వస్తున్న సూత్రం. ఆ చట్టపు అనుబంధం గాయాలను మెట్లుగా విభజించింది. బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం, ఒక చేతి నాలుగు వేళ్లు పోతే 50 శాతం నష్టంగా పరిగణించింది. తాత్కాలికంగా పని చేయలేని కాలానికి నెల వేతనంలో 25 శాతాన్ని పక్షానికొకసారి చెల్లించాలని నిర్దేశించింది. ఈ చట్టం 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి, 2020లో విలీనమైనది. సురక్షా బీమాలో చోటు లేని వేలి గాయానికి కూడా ఈ మార్గంలో పరిహారం కోరే అవకాశం ఉన్నది.

మంచాన పడిన కాలానికి రక్షణ

కాలు విరిగి మూడు నెలలు మంచాన పడిన రైతు కూలీకి వైకల్యం శాశ్వతం కాకపోవచ్చు. ఆ మూడు నెలల కూలి మాత్రం పోతుంది. పాలు పోసే ఆవులను అమ్ముకోవడం, నగలు తాకట్టు పెట్టడం ఆ కాలంలోనే జరుగుతుంది. 20 రూపాయల బీమా ఈ నష్టాన్ని పూడ్చదు. దీనికి వ్యక్తిగత ప్రమాద పాలసీలు మార్గం.

అన్ని సాధారణ బీమా సంస్థలూ ఒకే షరతులతో అందించేలా నియంత్రణ సంస్థ రూపొందించిన 'సరళ్ సురక్షా బీమా' 2021 ఏప్రిల్ నుంచి అందుబాటులోకి వచ్చింది. ఇందులో బీమా మొత్తం కనిష్ఠంగా 2 లక్షల 50 వేలు, గరిష్ఠంగా 1 కోటి రూపాయలు. అదనపు ప్రీమియంతో తాత్కాలిక సంపూర్ణ వైకల్య రక్షణ ఎంచుకుంటే, పనికి వెళ్లలేని ప్రతి వారానికి బీమా మొత్తంలో 0.2 శాతం చొప్పున, గరిష్ఠంగా 100 వారాల వరకు చెల్లిస్తారు. 5 లక్షల పాలసీకి ఇది వారానికి 1,000 రూపాయలు. ప్రమాద చికిత్సకు ఆసుపత్రి ఖర్చుల రక్షణ కూడా ఐచ్ఛికంగా ఉన్నది. పాలసీ తీసుకునేటప్పుడు ఏజెంటును 'చనిపోతే ఎంత' అని మాత్రమే కాక, 'పడుకుంటే ఎంత' అని కూడా అడగవలసి ఉన్నది.

తిరస్కరించినప్పుడు

క్లెయిమును తిరస్కరిస్తే కారణాన్ని లిఖితపూర్వకంగా కోరాలి. మొదట బీమా సంస్థ ఫిర్యాదుల విభాగానికి, ఆ తరువాత నియంత్రణ సంస్థ వారి 'బీమా భరోసా' పోర్టల్‌లో గానీ 155255 నెంబరుకు గానీ ఫిర్యాదు చేయవచ్చు. అక్కడా న్యాయం జరగకపోతే సంస్థ తిరస్కరించిన ఏడాది లోపు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఆంధ్రప్రదేశ్ ఆ కార్యాలయ పరిధిలోనిదే. ఫిర్యాదుకు రుసుము లేదు; న్యాయవాది అవసరం లేదు.

అధికారులు, పాత్రికేయుల పాత్ర

మండల స్థాయిలో మరణాలు నమోదవుతాయి. వైకల్యాలు ఒకచోట నమోదు కావు. పోలీసు స్టేషన్ వద్ద తీవ్ర గాయాల కేసులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వద్ద గాయాల రిజిస్టరు, సచివాలయం వద్ద సదరం దరఖాస్తులు, బ్యాంకు వద్ద ప్రీమియం జాబితా ఉంటాయి. ఈ నాలుగింటినీ నెలకొకసారి పక్కపక్కన పెట్టి చూస్తే, బీమా ఉండి క్లెయిము చేయని క్షతగాత్రులు ఎవరో 30 రోజుల గడువు దాటకముందే తేలిపోతుంది. ఇందుకు కొత్త పథకం గానీ, అదనపు నిధులు గానీ అవసరం లేదు. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఇచ్చేటప్పుడు, డిశ్చార్జి పత్రం ఇచ్చేటప్పుడు 'బ్యాంకులో 20 రూపాయల బీమా ఉందా' అని అడిగే ఒక్క ప్రశ్న చాలు.

పాత్రికేయులు ప్రమాద వార్త రాసేటప్పుడు మృతుల సంఖ్యతో పాటు తీవ్రంగా గాయపడినవారి విషయాన్ని కొన్ని వారాల తరువాత మళ్లీ విచారించడం ప్రయోజనకరం. వారు క్లెయిము చేశారా, తిరస్కరణ ఎదురైందా, ఏ కాగితం కొరవడింది అన్న వివరాలు వార్తగా వస్తే, అదే పరిస్థితిలో ఉన్న మరో కుటుంబం మేలుకుంటుంది.

ఏటా మే నెలలో ఖాతాలో కనీసం 20 రూపాయలు నిల్వ ఉంచుకోవాలని, ప్రమాదం జరిగిన రోజే ఆసుపత్రి రికార్డు చేయించుకోవాలని, 30 రోజుల లోపు బ్యాంకులో దరఖాస్తు ఇవ్వాలని ప్రజలకు విస్తృతంగా తెలియజేయవలసి ఉన్నది. సురక్షా బీమాకు సంబంధించిన సందేహాలకు ఖాతా ఉన్న బ్యాంకు శాఖను లేదా 1800-180-1111 టోల్ ఫ్రీ నెంబరును సంప్రదించవచ్చు.